బాషా సరంగు ఆఖరి మోకు

విశాఖపట్నం పోర్టులో ఇరవై ఏళ్ళకు పైగా లాంచీ నడిపిన హుస్సేన్ బాషాకి ఈత రాదు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వేస్తారు. మొదట్లో నేనూ నమ్మలేదు. 1991లో అమలాపురం దగ్గర మా ఊరి నుంచి వచ్చి పోర్టులో ఇంజను డ్రైవరుగా చేరాను. కాలవల్లో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, చేరిన మొదటి వారమే జెట్టీ మీద కూర్చుని నా ఈత గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఆయన అంతా ఓపిగ్గా విని, గడ్డం దువ్వుకుంటూ అన్నాడు.

"నాకు ఈత రాదు బావా. అందుకే లాంచీని ములగనివ్వను."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. నిజమే చెప్పాడని తర్వాత తెలిసింది.

మాది మూరింగ్ లాంచీ. పెద్ద ఓడ తను ఆగాల్సిన బెర్తు దగ్గరికి వచ్చాక దాని మోకుల్ని, అంటే మనిషి చెయ్యంత లావుండే తాళ్ళని, నీళ్ళ మీద అందుకుని గట్టు దాకా లాక్కెళ్ళి అక్కడివాళ్ళ చేతికి ఇవ్వాలి. వాళ్ళు ఆ మోకుని ఇనప దిమ్మకి తగిలిస్తే ఓడ కదలకుండా నిలబడుతుంది. లాంచీలో ముగ్గురమే ఉండేవాళ్ళం. చుక్కాని దగ్గర సరంగు బాషా. వెనకవైపు మోకు పట్టే లష్కరు మైలపల్లి ఎర్రయ్య, జాలారిపేట మనిషి. కింద ఇంజను గదిలో నేను. నాకు బయట ఏమీ కనపడదు. పైనుంచి బాషా గంట కొడితే దాన్ని బట్టి ఇంజను నడపాలి. ఒక గంటకి ముందుకి, రెండింటికి ఆపు, మూడింటికి వెనక్కి. అన్నేళ్ళపాటు నేను ఆ మనిషి కళ్ళతోనే హార్బరు చూశాను.

ఆయనది పాత ఊరు, కోటవీధి. తండ్రి పూర్ణా మార్కెట్ దగ్గర ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడట. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, బయటికి వస్తే అచ్చంగా ఈ ఊరి తెలుగే. రోజుకూలీగా తాళ్ళు మోయడంతో మొదలుపెట్టి, లష్కరై, సరంగయ్యాడు. భారీ మనిషి. చొక్కా గుండీలు పొట్ట దగ్గర ఎప్పుడూ బిగుతుగానే ఉండేవి. కానీ చుక్కాని పట్టుకున్నప్పుడు ఆ చేతులు చూడాలి, నిద్రపోతున్న పిల్లని ఒక ఒళ్ళోంచి ఇంకో ఒళ్ళోకి మార్చినంత నెమ్మదిగా కదిలేవి.

ఓడలకి ఆయన గుణాలు అంటగట్టేవాడు. "ఇది కొత్తకోడలు బావా, పిలిస్తేగానీ రాదు," అనేవాడు ఒకదాన్ని చూసి. ఇంకోటి చానెల్‌లోకి అడ్డంగా వస్తుంటే, "సూడు, సూడు, పెళ్ళిలో అలిగిన మావయ్యలాగ ఎలాగొత్తన్నాదో!" అనేవాడు. కింద ఇంజను మోతలో నాకు సగమే వినపడేది. ఎర్రయ్య మళ్ళీ అంతా చెప్పేవాడు.

పోర్టులో ఆయన మీద గౌరవం ఒక పని వల్ల వచ్చింది కాదు. ఓడని లోపలికి తెచ్చే పైలట్లు గాలి ఎక్కువగా ఉన్న రోజున రేడియోలో ముందు అడిగే మాట, "లాంచీలో బాషా ఉన్నాడా?" అని. రెండు యూనియన్లవాళ్ళూ ఒకరి మీద ఒకరు జెండాలు ఎత్తుకున్న రోజుల్లో కూడా ఆయన టీ తాగే బల్ల దగ్గర మాత్రం పక్కపక్కనే కూర్చునేవారు. ఎవరినీ గట్టిగా మందలించింది నేను చూడలేదు. ఎవరైనా తప్పు చేస్తే కాసేపు చూసి, "ఇంకోసారి సేద్దుమా?" అనేవాడు. అంతే. ఆ 'సేద్దుమా'లో తననీ కలుపుకునేవాడు కాబట్టి ఎవరికీ కోపం వచ్చేది కాదు.

ఒకసారి విదేశీ ఓడ నిచ్చెన మీదనుంచి ఒక నావికుడు జారి, ఓడకీ గట్టుకీ మధ్య పడ్డాడు. ఓడ నెమ్మదిగా గట్టువైపు జరుగుతోంది. మూడు గంటలు వినపడ్డాయి, వెంటనే ఒకటి, మళ్ళీ మూడు. కింద నేను పిచ్చివాడిలా లీవరు లాగుతున్నాను. పైన ఏం జరుగుతోందో తెలీదు. తర్వాత ఎర్రయ్య చెప్పాడు, బాషా ఆ ఇరుకులోకి లాంచీ ముక్కు పెట్టి, ఎర్రయ్య ఆ మనిషి జుట్టు అందుకునేదాకా నిలిపి, ఓడ తగిలేలోపు బయటికి లాగేశాడని. ఆ ఓడ కెప్టెన్ ఒక సీసా కానుకగా పంపాడు. బాషా దాని మూత కూడా చూడకుండా ఎర్రయ్య చేతిలో పెట్టాడు.

"ఇంటికాడ తాగు. లాంచీలో తాగినావంటే నిన్నే నీళ్ళలోకి తోసెత్తాను. నాకు ఈత రాదు, తియ్యలేను."

మా ఇద్దరి మధ్య స్నేహం ముదిరింది 1994లో. అప్పటికి నేను వెలంపేటలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. నా భార్య శ్రీసత్యకి నెలలు నిండాయి. మా అత్తగారు ఊరి నుంచి బయల్దేరేలోపే నొప్పులొచ్చాయి. నేను డ్యూటీలో ఉన్నాను. బాషా భార్య ఆమినాబీ వదిన రిక్షా కట్టించుకుని శ్రీసత్యని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అది నాకు తెలీదు. చానెల్ మధ్యలో ఉండగా గంట మోగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... ఆగదే! ముందుకా వెనక్కా తెలీక, ఏదో ప్రమాదమని హడలిపోయి, ఇంజను ఆపి పైకి పరిగెత్తాను. బాషా గంట తాడు పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు. జెట్టీ మీద ఎవరో చేతులు ఊపుతూ అరుస్తున్నారు.

"ఆడపిల్లంట బావా! ఇద్దరూ బాగున్నారంట!" అన్నాడు బాషా. ఆ తర్వాత మొహం గంభీరంగా పెట్టి, "ఇంజను ఎందుకాపీసినావు? రెండు గంటలు కొట్టినానేటి?" అన్నాడు.

ఆ పాప పేరు భ్రమరాంబ, మా నాయనమ్మ పేరు. ఆమినాబీ వదినకి ఆ పేరు నోరు తిరగక 'బమ్మీ' అనేది. ఇప్పటికీ మా ఇంట్లో అందరికీ అది బమ్మీయే. బాషాకి ఇద్దరు పిల్లలు. పెద్దది గజాలా, తర్వాత ఆసిమ్. ఇంకొన్నేళ్ళకి గజాలా డిగ్రీ చదువుతుండగా, ఆసిమ్ ఐ.టి.ఐ. చేసి స్టీల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా చేరాడు.

అలా ఏళ్ళు గడిచాయి. మా లాంచీ పాతబడింది. కొత్త రకం లాంచీలు వస్తాయని, వాటిలో సరంగే ఇంజను కూడా నడుపుతాడని, గంటలూ డ్రైవర్లూ ఉండరని మాట వినపడేది. "అప్పుడు నాను గంట కొట్టుకోడానికి నిన్ను ఇంటికి తీసికెల్లిపోతాను," అని నవ్వేవాడు.

2005 వానాకాలం చివర్లో ఆయన ఎడమ రెక్క లాగుతోందని అనడం మొదలుపెట్టాడు. చుక్కాని వదిలిన ప్రతిసారీ భుజం నొక్కుకునేవాడు.

"డాక్టరుకి చూపించుకో భాయ్," అన్నాను.

"సుక్కాని తిప్పీ తిప్పీ అరిగిపోనాది బావా. అరిగిపోనదానికి డాక్టరేటి సేత్తాడు? మీ వదిన రాత్తన్నాదిలే మందు."

నేనూ అంతేననుకున్నాను. మా పనిలో భుజాలు నొప్పెట్టనివాడు ఎవడు? ఎర్రయ్యకి నడుం, నాకు చెవులు, ఆయనకి భుజం.

ఆ రోజు పొద్దుటి నుంచే గాలి. వాయుగుండం ఒడ్డుకి దగ్గరవుతోందని చెప్పి, పోర్టులో హెచ్చరిక గుర్తు ఎగరేశారు. లోపలున్న ఓడలన్నిటికీ అదనంగా తాళ్ళు వేయిస్తున్నారు. వాన అడ్డంగా కొడుతోంది. మేం ముగ్గురం జెట్టీ షెడ్డులో గోనెపట్టా కప్పుకుని టీ తాగుతుంటే సూపర్‌వైజరు గురునాథరావు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయనది బందరు, మంచి మనిషి, కంగారు ఎక్కువ.

"బాషా, బొగ్గు ఓడ వెనక తాళ్ళు తెగిపోయాయయ్యా! వెనకభాగం బెర్తు నుంచి విడిపోయి నూనె ఓడ మీదికి వెళ్తోంది. ఓడల్ని తోసే టగ్గుల్లో ఒకటి చానెల్ బయట ఇరుక్కుంది. ఉన్నది ఒక్కటే. అది తోసి పట్టుకునేలోపు గట్టుకి ఒక్క మోకైనా అందాలి."

బాషా టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎక్కండి," అన్నాడు మాతో.

నేను కిందికి దిగి ఇంజను తిప్పాను. ఒక గంట. ముందుకి. లాంచీ అలల మీద దబదబా కొట్టుకుంటోంది. కాసేపటికి రెండు గంటలు. ఆగాం. పైనుంచి ఎర్రయ్య కేకలు. మోకు అందుకున్నారని అర్థమైంది. మళ్ళీ ఒక గంట. మోకు బరువు ఎక్కేకొద్దీ ఇంజను గొంతు మారుతుంది, ముక్కుతున్నట్టు వస్తుంది. గట్టు దగ్గర పడుతుంటే నీళ్ళు గోడకి తగిలి వెనక్కి వచ్చే చప్పుడు లాంచీ పక్కల మీద తెలుస్తుంది. ఆ చప్పుడు వినపడింది. ఇప్పుడు రెండు గంటలు కొట్టాలి.

కొట్టలేదు.

నేను చెవులు రిక్కించాను. చప్పుడు ఇంకా దగ్గరయింది. నా అంతట నేనే ఇంజను తగ్గించి, పైకి ఎక్కాను.

బాషా చుక్కాని పక్కనే కింద కూర్చుని ఉన్నాడు. వీపు చెక్కకి ఆనించి, ఒక చేత్తో చుక్కాని అడుగు పట్టుకుని ఉన్నాడు. మొహం బూడిద రంగుకి తిరిగింది. వానలో తడిసిన మనిషికి కూడా చెమట పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

"భాయ్! ఏంటి భాయ్? ఏమైంది?"

"సాతీ మీద ఎవులో కూకున్నట్టున్నాది బావా," అన్నాడు. మాట సన్నగా వచ్చింది.

వెనకనుంచి ఎర్రయ్య అరిచాడు. "ఏటయినాది? ఆపీసినారేటి? మోకు ఎనక్కి లాగెత్తన్నాది!"

"మోకు వదిలెయ్ ఎర్రయ్యా! జెట్టీకి వెళ్ళిపోదాం!" అని నేనూ అరిచాను.

బాషా నా పంచె అంచు పట్టుకున్నాడు. డ్యూటీలో ప్యాంటు తడిస్తే ఆరదని ఆ రోజు పంచె ఎగగట్టుకుని ఉన్నాను. "ఇడిసిపెట్టకండి," అన్నాడు. "అటేపు మనుసులున్నారు. ముందు మోకు ఇచ్చీ."

నూనె ఓడ వైపు చూశాను. దాని మీద పసుపు కోట్లు వేసుకున్నవాళ్ళు అటూ ఇటూ పరిగెడుతున్నారు. బొగ్గు ఓడ వెనకభాగం కొండలా వాళ్ళ మీదికి జరుగుతోంది. మేం మోకు వదిలితే అది నీళ్ళలో మునిగి మా లాంచీ అడుగున తిరిగే పంకాకే చుట్టుకునేలా ఉంది. అప్పుడు మేమూ ఎక్కడికీ పోలేం. చెయ్యగలిగింది ఒక్కటే. ఎర్రయ్య మోకుని వెనక కొక్కేనికి తగిలించి ఇంజను గదిలోకి దూకాడు. నేను చుక్కాని పట్టుకున్నాను. అన్నేళ్ళలో ఎండరోజుల్లో సరదాగా పట్టుకున్నదే తప్ప, అంత గాలిలో ఎప్పుడూ పట్టలేదు.

ఆయన కళ్ళు మూసుకునే చెప్పాడు. లాంచీ ఊగే తీరుని బట్టి ఎటు పోతోందో ఆయనకి తెలుస్తోంది.

"గాలికి ఎదురెట్టు... కొంచిం కుడికి... సాలు... ఆపు బావా, ఆపు."

నేను రెండు గంటలు కొట్టాను. గట్టు మీదవాళ్ళు సన్నతాడు విసిరారు. ఎర్రయ్య పైకి వచ్చి మోకు చివర దానికి కట్టాడు. పైనున్నవాళ్ళు లాక్కున్నారు. దిమ్మకి తగిలించారు. మోకు నీళ్ళలోంచి పైకి లేచి, బిగిసి, నీళ్ళు చిమ్మింది. ఓడ ఆగింది. ఆగిందని ఎర్రయ్యే చెప్పాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను.

అక్కడే గట్టు మీదికి ఎక్కిద్దామంటే గోడ నిలువెత్తున ఉంది. గోడకి కొట్టిన ఇనప నిచ్చెన మీద, ఆ అలల్లో, అంత భారీ మనిషిని ఎలా ఎక్కిస్తాం? "జెట్టీకి అంబులెన్సు పంపండి! బాషాకి బాగోలేదు!" అని ఇద్దరం కింద నుంచి అరిచాం. మా మాట గాలికి పోతోంది. చివరికి ఒకడికి అర్థమై పరిగెత్తాడు. జెట్టీకి చేరేదాకా ఆయన తల నా కాలికి ఆనుకునే ఉంది. లాంచీ ఊగినప్పుడల్లా ఆ తల పక్కకి జారేది, మళ్ళీ వచ్చి ఆనుకునేది.

అంబులెన్సు లేదు. రేకులు ఎగిరి ఎవరికో తగిలాయని ఇంకో చోటికి వెళ్ళిందట. గురునాథరావు గారు తన జీపు తెచ్చారు. నలుగురం ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. ఎర్రయ్య లాంచీ దగ్గర ఉండిపోవాల్సి వచ్చింది. ఆ గాలిలో లాంచీని విడిచి రాలేడు. జీపు కదులుతుంటే వాడు జెట్టీ చివరిదాకా పక్కనే పరిగెత్తాడు.

ఆసుపత్రి రైలుపట్టాల అవతల ఉంది. గేటు పడి ఉంది. ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండి, దాని ముందూ కనపడదు, వెనకా కనపడదు. నిలబడిపోయింది. గురునాథరావు గారు దిగి గేటుమనిషి మీద పడ్డారు.

"ప్రాణం పోయేలా ఉందయ్యా! తియ్యి!"

"బండి నా మాటింటాదా బాబూ? కరెంటు పోయి సిగ్నలు పడనేదు. నా సేతిలో ఏటున్నాది?" అన్నాడు గేటుమనిషి. అతని మొహం కూడా ఏడ్చేలా ఉంది.

చుట్టు తిరిగి వెళ్ళే దారిలో నడుములోతు నీళ్ళున్నాయని జీపు డ్రైవరు చెప్పాడు. గురునాథరావు గారు గూడ్సు ఇంజను డ్రైవరుతో మాట్లాడతానని, ఆ వ్యాగన్ల వెంబడే వానలో పరిగెత్తారు. కాసేపటికి కనపడకుండా పోయారు. పట్టాల అవతల రోడ్డు మీద ఒక ఆటో నిలబడి ఉంది. వ్యాగన్ల కింద నుంచి దాని చక్రాలు కనపడుతున్నాయి. వ్యాగను కింద దూరి అటు పోవచ్చు. నేనొక్కణ్ణీ అయితే పోగలను. ఆయన్ని మోసుకుని పోలేను. బండి ఎప్పుడు కదులుతుందో తెలీదు. ఆ చక్రాల వంక చూస్తూ కూర్చున్నాను. నాకు ఈత వచ్చు, ఇంజను వచ్చు, బలముంది. ఏదీ పనికిరాలేదు.

"ఓడ ఆగినాదా?" అని అడిగాడు.

"ఆగింది భాయ్. నుదుటి మీద బొట్టులా ఆగింది."

తల ఊపాడు. కాసేపు పెదాలు కదిలాయి. అది నమాజు మాటో, ఎవరి పేరో, నాకు అర్థం కాలేదు. చెవి దగ్గరగా పెట్టాను. ఇంజను మోతల్లో సగం పోయిన నా చెవులు, పైన జీపు టాపు మీద వాన. ఏమీ వినపడలేదు. "మళ్ళీ చెప్పు భాయ్," అన్నాను. చెప్పలేదు. నా చేతిలో ఆయన చెయ్యి బరువెక్కింది.

అప్పటికీ నేను చెయ్యి రుద్దుతూనే ఉన్నాను. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, "గోపీ గారూ," అని నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎక్కడో దూరంగా కూత వినపడింది. వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటూ, గలగలమంటూ, నెమ్మదిగా కదిలాయి.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు నాడి చూసి, కళ్ళు చూసి, "కాస్త ముందే తెచ్చుంటే..." అనబోయాడు. నా బట్టలు చూశాడు, మోచేతుల దాకా ఉన్న గ్రీజు చూశాడు. ఆ మాట అక్కడే ఆపేసి, "చెప్పలేమండీ. గుండెపోటు ఎప్పుడైనా రావచ్చు," అన్నాడు. ఆ రెండు మాటల్లో ఏది నిజమో నాకు ఈ రోజుకీ తెలీదు.

వరండాలో గురునాథరావు గారు నా పక్కన వచ్చి నిలబడ్డారు. ఆయన చెప్పులు ఎక్కడో పోయాయి. కాళ్ళ నిండా ఎర్రమట్టి.

"గోపీ, ఈ మాట అడగడానికి నాకు నోరు రావట్లేదు," అన్నారు. "ఇంకో రెండు ఓడలకి తాళ్ళు మార్చాలట. జనాన్ని దాటించే ఫెర్రీ సరంగుని పంపుతున్నారు. ఆ పాత ఇంజను నీకు తప్ప ఎవరికీ తెలీదు."

"భాయ్ ఇంటికి ఎవరు వెళ్తారండీ?"

"నేను వెళ్తాను. నేను చెప్తాను ఆవిడకి."

నేను లాంచీకి వెళ్ళాను. ఎర్రయ్య నా మొహం చూశాడు. మోకుల గుట్ట మీద కూర్చుని తల చెక్కకేసి కొట్టుకున్నాడు. ఫెర్రీ సరంగు లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. చుక్కాని దగ్గరికి వచ్చి, దాన్ని ముట్టుకోకుండా కొంచెంసేపు నిలబడి, అప్పుడు పట్టుకున్నాడు. ఒక గంట కొట్టాడు. గంట అదే. కొట్టిన చెయ్యి వేరని కింద నాకు తెలిసిపోయింది.

వాన పెరిగేలా ఉంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దని పెద్దలు అన్నారట. అదే సాయంత్రం సమాధి చెయ్యడానికి తీసుకెళ్ళారు. స్టీల్ ప్లాంటు నుంచి ఆసిమ్‌ని ఎవరో మోటారుసైకిలు మీద తెచ్చారు. తడిసిన సేఫ్టీబూట్లతోనే వచ్చి తండ్రిని భుజానికి ఎత్తుకున్నాడట. పైలట్లు వచ్చారట. రెండు యూనియన్లవాళ్ళూ వచ్చారట. అన్నీ 'ట'లే నాకు. అన్నేళ్ళు పక్కన పనిచేసిన ఎర్రయ్యా, నేనూ మాత్రం ఆ సమయానికి నీళ్ళ మీద, ఇంకెవరి ఓడకో మోకు లాగుతున్నాం.

మర్నాడు గాలి తగ్గింది. నేనూ శ్రీసత్యా కోటవీధికి వెళ్ళాం. ఆ ఇంట్లోకి నేను ఎప్పుడూ తలుపు కొట్టకుండా వెళ్ళేవాణ్ణి. వంటింటి గుమ్మంలో కూర్చుని వదిన చేతి టీ తాగేవాణ్ణి. ఆ రోజు ముందుగదికీ లోపలి గదికీ మధ్య పరదా కట్టి ఉంది. విజయనగరం నుంచి వచ్చిన వాళ్ళ పెద్దాయన, "ఏమీ అనుకోకు బాబూ, ఇద్దత్ దినాలు. భర్త పోయినావిడ బయటి మగాళ్ళకి కనపడకూడదు," అన్నాడు మర్యాదగా. శ్రీసత్య లోపలికి వెళ్ళింది. నేను చాప మీద కూర్చున్నాను.

కొంతసేపటికి పరదా వెనకనుంచి వదిన గొంతు వినపడింది.

"గోపీ, ఒచ్చినావా?"

"వచ్చాను వదినా."

"రెక్క నొప్పన్నారు. నాను రోజూ మందు రాసినాను. రెక్కకే రాసినాను గోపీ. నాకేటి తెలుసు?"

"ఎవరికీ తెలీదు వదినా. నాకూ తెలీలేదు."

"ఆఖర్ని నువ్వున్నావంట కదా. ఏటన్నారు?"

గదిలో ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు. ఆసిమ్ గోడకి ఆనుకుని ఉన్నాడు. గజాలా పరదా అంచు పట్టుకుని నిలబడి ఉంది. నీ పేరే తలుచుకున్నాడు వదినా, పిల్లల్ని తలుచుకున్నాడు అని చెబితే పోయేదేముంది? ఆ మాట గొంతుదాకా వచ్చింది. కానీ ఆ మనిషి గురించి ఆవిడతో అబద్ధమాడటం నా వల్ల కాలేదు.

"ఓడ ఆగిందా అని అడిగాడు వదినా. ఆగిందన్నాను. తర్వాత ఇంకేదో అన్నాడు. నాకు వినపడలేదు."



"ఇనపడనేదా," అంది.

"వినపడలేదు వదినా. చెవి దగ్గర పెట్టి కూడా..."

తర్వాత ఆవిడ ఏడుపు వినపడింది. అంతకుముందు ఏడవలేదట, శ్రీసత్య తర్వాత చెప్పింది. వార్త తెలిసినప్పటి నుంచీ వచ్చినవాళ్ళకి నీళ్ళిచ్చారా, కూర్చోబెట్టారా అని అడుగుతూనే ఉందట. నేను లేచి పరదా దగ్గరికి వెళ్ళలేను. భుజం మీద చెయ్యి వెయ్యలేను. చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

పోర్టులో సంతాపసభ పెట్టారు. పూలదండ వేసిన ఫొటో ముందు పెద్ద ఆఫీసరు మాట్లాడారు. ఎర్రయ్యని మాట్లాడమన్నారు. వాడు మైకు పట్టుకుని, "మా బాషా బావ..." అని ఆగిపోయి, దిగిపోయాడు. నన్నూ పిలిచారు. నేను వెళ్ళలేదు.

ఏడాదిన్నర తిరిగి, గజాలాకి పోర్టు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. ఈలోపు కొత్త లాంచీలు వచ్చేశాయి. మా పాత లాంచీని తుక్కు కింద వేలం వేశారు. నన్ను వర్క్‌షాపుకి మార్చారు. ఎర్రయ్య ఉద్యోగం మానేసి, జాలారిపేటలో అన్నదమ్ముల పడవ మీద వేటకి వెళ్తున్నాడు. అప్పుడప్పుడు ఇంటికి చేపలు పంపుతాడు. తను రాడు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం గజాలా వర్క్‌షాపుకి వచ్చింది. తెల్ల దుపట్టా, మెడలో పోర్టు గుర్తింపు కార్డు. నడక అచ్చం తండ్రిదే.

"చాచా, అబ్బా పని సేసిన చోటు సూపిస్తావా? ఇన్నేళ్ళూ ఇదే ఊళ్ళో ఉన్నాం, ఎప్పుడూ సూడలేదు."

జెట్టీకి తీసుకెళ్ళాను. ఎండగా ఉంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, చానెల్‌లోంచి ఏదో ఓడ లోపలికి వస్తోంది. మా లాంచీ కట్టే చోట కొత్త లాంచీ ఉంది. అద్దాల గది, లోపల ఒక్కడే మనిషి, చల్లగాలి మర.

"ఇదేనా?"

"ఇది కాదమ్మా. అది అమ్మేశారు. ఇక్కడే ఉండేది."

"అబ్బా ఎక్కడ నిలబడేవారు?"

నీళ్ళవైపు చెయ్యి చూపించబోయి ఆగిపోయాను. లాంచీ లేనిదే చుక్కాని ఎక్కడని చూపించను? ఆ పిల్ల ఓపిగ్గా నా చేతివంకే చూస్తోంది. కొత్త లాంచీ బయల్దేరింది. అది వెళ్ళిన చోట నీళ్ళు కాసేపు ఊగాయి.

"అక్కడమ్మా," అన్నాను. "ఆ నీళ్ళ మీద."

గజాలా దుపట్టా తల మీదికి లాక్కుని, అటే చూస్తూ నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను.